పావు మడి

“మడి ఎంత నిండింది?”

“పావన్న నిండిందో లేదో. మాట్లాడకు, పండుకో.”

“పావా? అయితే ఇంకేంది పిల్లా, రెండు మెట్లే.”

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. భద్రాచలం దవాఖానాలో, ఇనుప మంచం మీద, పొద్దున పూట. ఆయన ఇంకేదో అనబోయాడు గానీ సీసా మార్చడానికి నర్సమ్మ వచ్చి నన్ను బయటికి పొమ్మంది. పోయి వరండాలో గోడకు చేరగిలబడ్డాను. మళ్ళీ లోపలికి రానిచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు మాత్రం నా మీద లేదు. పొద్దు వాలేలోపు మనిషి పోయాడు.

ఇది మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. ఈ పిల్ల కొత్తగూడెంలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెబుతుంది. సెలవులకు నా దగ్గరికి వచ్చి, నిన్న అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ తనలో తను విసుక్కుంది. ఏందే, ఎవరి మీద అన్నాను.

“గీ పేపరోళ్ల మీద పెద్దమ్మా. ఏది కొంచెం ఎక్కువైనా ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరిగిందంటరు. ఉల్లిగడ్డల ధర పెరిగినా గదే మాట, బస్సుల జనం పెరిగినా గదే మాట. మస్తు అని రాస్తే సరిపోదా?”

“గా మాటకు అర్థమేంది మరి?”

“మా పుస్తకంల ఘాతీయ వృద్ధి అంటరు. ఉన్నదాన్ని బట్టి పెరుగుడు అన్నట్టు. ఒకటి రెండైతది, రెండు నాలుగైతది, నాలుగు ఎనిమిదైతది. కొంచెం ఉంటే కొంచెమే పెరుగుతది, ఎక్కువుంటే ఎక్కువ పెరుగుతది. జల్దీ పెరుగుడని అందరనుకుంటరు గానీ, మొదట్ల అసలు పెరిగినట్టే కనపడదు.”

నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. చెయ్యి ఆగిపోయింది.

“గది మీ పెదనాన్న లెక్క గదనే,” అన్నాను.

ఆయనకు ఇంగ్లీషు రాదు కదా పెద్దమ్మా అని నవ్వి, నేను నవ్వకపోయేసరికి లోపలికి పోయి కాగితాలు తెచ్చుకుంది. నువ్వు చెప్పు, నేను రాస్తానంది. ఇన్నేళ్ళలో నన్ను ఆయన గురించి కూర్చోబెట్టి అడిగిన మనిషి లేదు. ఎట్లా పోయాడని అడిగినవాళ్ళు ఉన్నారు గానీ ఎట్లా ఉండేవాడని అడిగినవాళ్ళు లేరు.

ఎట్లా ఉండేవాడంటే, ఆయనకు మొదట్లో అన్నీ రెట్టింపే. వాన పడితే నిరుటికి రెట్టింపు. కూరలో కారం రెట్టింపు. నేనొక మాట గట్టిగా అంటే దీనికి నోరు రెట్టింపైంది అనేవాడు. ఆయనొక్కడే కాదు, ఊరంతా అంతే. మేము యేసు ప్రభువును నమ్ముకున్నవాళ్ళం. చర్చిలో పాస్టరుగారు ప్రతి ఆదివారం రెట్టింపు దీవెనలు ఇప్పించేవారు. ఆ లెక్కన ఏనాడో మేము మేడలో ఉండాలి. నేను పక్కనుంచి వంగి “పోయిన వారంవి యాడ పెట్టినవయ్యా, ఇయ్యాలటివి అండ్లనే పొయ్యాలె” అంటే ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గు వచ్చినట్టు చేసేవాడు. పాస్టరమ్మగారు మంచినీళ్ళు పంపేది.

మాకు పిల్లలు లేరు. ఆ మాట ఒక్కసారి చెబుతాను, రాసుకో, మళ్ళీ చెప్పను.

మా ఊరు జూలూరుపాడు దాటాక, రోడ్డు వదిలేసి అడవి మొదలయ్యే చోట. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న ఆసామి ఒకాయన ఉండేవాడు. ఆయన మడి ఒకటి చెరువు కింద ఉంటే మేము కౌలుకు చేసేవాళ్ళం. పెద్దదేమీ కాదు, ఈ గట్టు మీద నిలబడి పిలిస్తే ఆ గట్టు మీదివాళ్ళు పలికేంత. కానీ మాకున్నది అదొక్కటే. ఏటికేడు దిగుబడి తగ్గింది. మట్టిలో సత్తువ పోయింది, యూరియా వేద్దామంటే మా వల్ల కాదు. ఎండాకాలం చివర్లో ఆసామి పిలిపించాడు.

“చూడవయ్యా, నువ్వు మంచోడివే. కానీ ఎరువెయ్యలేనోడి చేతిలో పొలం పెడితే పొలం చచ్చిపోద్ది. చండ్రుగొండ నుంచి ఇంకోడు అడుగుతున్నాడు. ఈసారి ఏం చేస్తావో నాట్లకు ముందే నాకు కళ్ళకి కనపడాలి. లేదంటే వాడికిచ్చేస్తా.”

ఇంటికి వచ్చి ఆయన అన్నం తినలేదు. నేను తిట్టాను. తిడితే తిన్నాడు.

ఆ రోజుల్లోనే వ్యవసాయం ఆఫీసు నుంచి ఒక చిన్న ఆఫీసరు మోటారు సైకిలు మీద ఊళ్ళు తిరుగుతూ వచ్చాడు. తడిగుడ్డలో ఏదో మూట కట్టుకొచ్చాడు. విప్పితే నాచు. చిన్న చిన్న ఆకులు, చీమ తల కంటే కొంచెం పెద్దవి, ఒకదాని మీద ఒకటి. అజొల్లా అన్నాడు. నీళ్ళ మీద తేలుతుందట, గాలిలో ఉన్న సత్తువను పట్టుకుంటుందట. మడి నిండా దుప్పటిలా పరుచుకున్నాక బురదలో తొక్కేస్తే వరికి అదే ఎరువట. కావలసిన వాళ్ళు తీసుకోండి, వారం తిరిగేలోపు రెట్టింపు అవుతుంది అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. అబద్ధం చెప్పలేదు పాపం. కానీ రెట్టింపు అనగానే మా ఊళ్ళోవాళ్ళకు పొంగే పాలకుండ కళ్ళ ముందు కనపడింది. నలుగురైదుగురు తీసుకున్నారు. కుంటలో వేసినవాడు వేశాడు, ఎడ్లు తాగే తొట్టిలో వేసినవాడు వేశాడు. మా ఆయన ఇంటి వెనక గుంట తవ్వి, పేడ నీళ్ళు పోసి, ఎండ తగలకుండా తాటాకుల పందిరి వేశాడు. ఆఫీసరు ఇచ్చిన సూపర్ ఎరువు పొడి చిటికెడు చల్లాడు. ఆయన వాటాకు వచ్చిన నాచును మా అత్త నాటి గిద్దలో వేస్తే సరిగ్గా ఒక గిద్దెడు అయింది.

మా అత్త వడ్లు దంచి బియ్యం కొలిచి అమ్మిన మనిషి. పోతూ పోతూ నాకు వదిలిపోయిన ఆస్తి కొలత గిన్నెలు. గిద్ద మొదలు కుంచం దాకా వరస తప్పకుండా ఉండేవి. ఈ కాలం పిల్లలకు కిలోలే తెలుసు కాబట్టి చెబుతున్నా. రెండు గిద్దలైతే అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. మా వైపు గింజలు కొలిచేటప్పుడు ‘ఒకటి’ అని మొదలుపెట్టరు, మొదటి కొలతను ‘లాభం’ అంటారు. లాభం, రెండు, మూడు అని పోతారు. మా ఆయన నాచును జల్లెట్లో వడగట్టి, గిద్దలో నింపి, గుంటలో ఒంపుతూ అలవాటు కొద్దీ పెద్దగా “లాభం” అన్నాడు. రెండు అనడానికి నాచు లేదు.

గోడ అవతల బాతులు మేపుకునే వదిన ఉండేది. ఆమె చూసి ఊరంతా చెప్పింది. “మా అన్న లాభం దగ్గర్నే ఆగిండు!”

రెండు రోజులకే జనం చూడటానికి వచ్చారు. గుంట చుట్టూ చేరారు.

“ఏంది మామా, రెట్టింపంటివి, గిద్దెడు గిద్దెడే ఉన్నది?”

“రెట్టింపు లోపల అయితుందేమోరా, పైకి కనపడది.”

“పాస్టరు దీవెన గిట్ల ఏపియ్యి మామా, జల్దీ లేస్తది!”

ఆయన వాళ్ళతో పాటు నవ్వాడు. వాళ్ళు పోయాక గుంట పక్కనే గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. అరసోల అయిన రోజు ఎవరూ రాలేదు. సోల అయిన రోజు ఎవరికీ చెప్పలేదు. అప్పటికి మిగతావాళ్ళ నాచు ఎడ్లు తాగినవి తాగాయి, ఎండకు మాడింది మాడింది. మా గుంటలో మాత్రమే మిగిలింది. అదీ ఒక మూలన, పెరుగు మీద మీగడలాగా.

నాకు మాత్రం ఏం నమ్మకం ఉంది? లేదు. గిద్ద రెండు వారాలకు సోల అయితే, మడి నిండాలంటే నా మనవళ్ళ కాలం పడుతుంది, ఆ మనవళ్ళు కూడా లేరు అనుకున్నాను. నా లెక్క ఏమిటంటే, ఇన్ని రోజులకు ఇంత పెరిగింది, ఇంకిన్ని రోజులకు మళ్ళీ అంతే పెరుగుతుంది. కూలి చేసినవాళ్ళ లెక్క అది. రోజుకు ఒక రోజు కూలే కదా వచ్చేది.

ఒకరోజు వాన పడుతుంటే పనికి పోలేదు. కొలత గిన్నెలన్నీ తోమి అరుగు మీద వరసగా బోర్లించాను. ఆయన వచ్చి వాటిని వెల్లకిలా తిప్పి, గిద్ద మొదలు అడ్డ దాకా అన్నిటిలో చూరు నీళ్ళు పట్టాడు. కుంచం ఒక్కదాన్నే ఖాళీగా ఉంచాడు.

“ఇగో పిల్లా, గివన్నీ కుంచంల పోస్తే నిండుతదా, పొర్లుతదా?”

“పొర్లుతది. ఆరు గిన్నెల నీళ్లు.”

“పొయ్యి.”

గిద్ద పోశాను. అరసోల పోశాను. సోల, తవ్వ, మానిక, అడ్డ అన్నీ ఒంపేశాను. కుంచం నిండలేదు. అంచుకు గోరంత కింద ఆగిపోయింది. మళ్ళీ గిద్దతో చూరు నీళ్ళు పట్టి పోస్తే అప్పుడు అంచుకు వచ్చి నిలిచింది. ఆయన ముఖం చూడాలి. పెళ్ళి నాడు కూడా అట్లా వెలగలేదు.

“చూసినవా? కింది మెట్లన్నీ కలిపినా పై మెట్టుకు సరిపోవు, గిద్దెడు వెలితి పడ్డది. గా నాచు లెక్క గిదే. అది రోజుకింత అని పెరగది. మెట్టు ఎక్కుతది. గిద్ద నుంచి అరసోలకు ఎన్ని రోజులో, అడ్డ నుంచి కుంచానికీ అన్నే రోజులు. మెట్టు మాత్రం ప్రతిసారి పెద్దదైతది.”

“మరి అందరు అనే రెట్టింపో?”

“అందరు అనేది రెట్టింపు కాదు పిల్లా, ఎక్కువ. నేను గూడ గట్లనే అన్న ఇన్నాళ్లు. రెట్టింపు అంటే మళ్ల మళ్ల అయ్యేది.”

ఆ రోజు నుంచి ఆయన ఆ మాటను ఊరికే వాడటం మానేశాడు. నాకు నోరెక్కువైందన్నాడు గానీ రెట్టింపైందని మళ్ళీ అనలేదు. అది లేకపోతే తిట్టు తిట్టులాగా లేదు.

బాతుల వదిన అప్పుడే వచ్చింది. నాచు తవ్వెడు అయిన రోజులు. “వదినా, నా బాతులు గా నాచు కోసం గోడెక్కుతున్నయ్. ఒక్క దోసెడు ఇయ్యి.” మా ఊళ్ళో తోడు పెరుగు అడిగితే కాదనరు, పొయ్యిలో నిప్పు అడిగితే కాదనరు. నేను జల్లెడ అందుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇప్పుడు వద్దు చెల్లె. ఇప్పుడు దోసెడు తీస్తే సగం మడి తీసినట్టు. ఇంకొన్ని రోజులాగు, గంపెడు నేనే తెచ్చి ఇస్త.”

“దోసెడు నాచుకు కూడ గతి లేదా అన్నా? ఇయ్యనని చెప్పరాదు!”

ఆమె పైట విదిలించి పోయింది. మాతో మాట మానేసింది. ఎవరు ఏది అడిగినా ఇచ్చే మనిషి, నాచు దగ్గర పిసినారి అయ్యాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆయనకు కష్టమనిపించింది. కానీ ఇవ్వలేదు.

కుంచం దాటాక కొలవడానికి మా దగ్గర గిన్నె లేదు. గుంట నిండింది, దాన్ని నారుమడి మూలకు మార్చాడు. అక్కడ నిండితే అసలు మడిలోకి గంపలతో మోశాడు. మడిలో పోసేసరికి మళ్ళీ ఏమీ లేనట్టే అయింది. అంత నీళ్ళలో ఒక మూలన ఆకుపచ్చ మరక. గాలి వీస్తే అటు, ఇంకో గాలికి ఇటు. ఆసామి గొడుగు వేసుకుని వచ్చాడు.

“ఇదేంటయ్యా? రెండు నెలల్నుంచి రెట్టింపు రెట్టింపంటన్నావంట. పిడికెడు లేదు.”

“పదహారో వంతు ఉన్నదయ్యా. ఇంకో నాలుగు మెట్లు.”

“మెట్లేంటి, గుడికెళ్తున్నామా? అమావాస్యకి వస్తా. అప్పటికి నీళ్ళు కనపడకూడదు. కనపడితే నాకు చెప్పక్కర్లేదు, నువ్వే పలుగూ పారా తీసుకుని గట్టెక్కెయ్.”

గంపలు మోసిన రోజుల్లోనే ఆయనకు చలి పుట్టింది. చలిజ్వరం మా దగ్గర వింతేమీ కాదు. అడవి అంచున ఉన్నాక దోమ కుట్టకుండా ఉంటుందా? వానాకాలంలో ఇంటికొకరు ఎండలో గొంగడి కప్పుకుని వణుకుతూ కనపడతారు. వణుకు తగ్గాక లేచి నాగలి పట్టుకుంటారు. ఈయనా అంతే. ఒకరోజు వణికాడు, మర్నాడు గంప ఎత్తాడు. మళ్ళీ వణికాడు, మళ్ళీ లేచాడు. చేదు గోళీలు నా దగ్గర ఉంటే ఇచ్చాను, మింగాడు. లేచి తిరుగుతున్న మనిషిని చూసి జబ్బు ముదిరిందని ఎవరనుకుంటారు?

ఆ తర్వాత ఒక పొద్దున నన్ను చూసి వాళ్ళమ్మను పిలిచినట్టు పిలిచాడు.

బండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సు, గోదావరి వంతెన మీద ఆయన తల నా ఒళ్ళో ఉంది. నీళ్ళు ఎర్రగా నిండుగా పోతున్నాయి. చూడు అన్నాను, చూడలేదు. దవాఖానాలో డాక్టరు కనురెప్ప లాగి చూసి నన్ను అడిగాడు.

“ఎన్ని రోజులాయె అమ్మా?”

“మొన్నటిదాంక పని చేసిండయ్యా. నడిచిండు.”

“నడుస్తనే ఉంటరు. రక్తంల పురుగు ఉంటదమ్మా, ఒకటి పదైతది, పది వందైతది. మొదట్ల మనిషికి తెల్వది. తెలిసేటాళ్లకు అంతట నిండుతది.”

ఆ మాట నాకు అప్పుడు చెవికి ఎక్కలేదు. ఇప్పుడు చెబుతుంటేనే ఈ పిల్ల కలం ఆపి నా ముఖంలోకి చూసింది. ఏందే అన్నాను. ఏం లేదు పెద్దమ్మా అంది. చదువుకున్న పిల్ల కదా, మడిలో జరిగిందీ ఆయన ఒంట్లో జరిగిందీ ఒకటే లెక్కని దానికి ముందే తెలిసింది. నాకు దాని ముఖం చూశాక తెలిసింది. రాయి, అది కూడా రాయి అన్నాను.

దవాఖానాలో ఆయనకు తెలివి వస్తూ పోతూ ఉండేది. వచ్చినప్పుడల్లా మడి సంగతే. నేను ఇక్కడే ఉన్నాను, నాకేం తెలుసు? బయలుదేరిన పొద్దున బండి మీద నుంచి చూసిందే చెప్పాను. ఆ రోజు గాలికి నాచంతా తూర్పు గట్టుకు కొట్టుకుపోయి ఉంది. పావు వంతు ఉంటుందేమో అనిపించింది. రోజులు గడిచినా నా కళ్ళలో ఆ పావు అట్లాగే ఉండిపోయింది. అందుకే చివరిసారి అడిగినప్పుడు కూడా పావే చెప్పాను. మేము ఊరొదిలాక కూడా అక్కడ పొద్దు పొడుస్తుందనీ, నాచు తన పని తాను చేసుకుంటుందనీ నా బుర్రకు తట్టలేదు.

కిరాయి జీపులో ఆయన్ను తీసుకొచ్చాను. జీపు మా మడి పక్క నుంచే పోయిందట. నేను చూడలేదు. ఆయన చెయ్యి జీపు కుదుపులకు కిందికి జారిపోతుంటే పట్టుకుని కూర్చున్నాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఆ రోజు దీవెనల మాట ఎత్తలేదు, మంచి మనిషి. సమాధుల దొడ్డిలో వానకు గోతిలోకి నీళ్ళు ఊరుతుంటే మనుషులు దోసిళ్ళతో తోడి పోశారు.

ఇంటికి వచ్చి కూర్చున్నాను. అందరూ పోయారు. బాతుల వదిన పోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది. ఆమె నాతో మాట్లాడి నెల దాటింది.

“వదినా.”

“ఊఁ.”

“మడి చూసినవా?”

“లేదు.”

“రా.”

చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. చెరువు కట్ట దిగి చూశాను. నీళ్ళు లేవు. నీళ్ళు ఎక్కడికి పోయాయి అనుకున్నాను ముందు. గట్టు నుంచి గట్టు దాకా, మూలమూలకూ, ఎక్కడా ఖాళీ లేకుండా పచ్చటి దుప్పటి. కొంగ ఒకటి దాని మీద దిగి, కాలు కిందికి దిగబడేసరికి ఉలిక్కిపడి లేచింది. నేను గట్టు మీద కూలబడ్డాను. దవాఖానాలో పోయిన మనిషి కోసం అప్పటిదాకా కన్నీరు పెట్టలేదు. అక్కడ ఏడ్చాను. ఇప్పుడు నా గొంతు గరగరలాడుతుంది చూడు, అది అప్పుడు పోయిన గొంతే.

“పోయిన వారం సగమే ఉండె వదినా,” అంది ఆమె. “నేను రోజు చూస్తున్న. బాతులు దిగకుండ కట్టెతోని కాసిన. సగం ఉన్నదల్లా ఇట్ల నిండిపోయింది.”

అమావాస్యకు ఆసామి వచ్చాడు. గట్టు పొడుగునా నడిచి చూశాడు. తర్వాత గొడుగు ముడుస్తూ, “తొక్కించేయమ్మా ఇంక. నిండాక ఎక్కువ రోజులుంచితే చోటు చాలక ఎర్రబడి కుళ్ళిపోద్దంట, ఆఫీసరు చెప్పాడు. పొలం నువ్వే చేసుకో” అన్నాడు.

నేనే దిగి తొక్కాను. పైన పచ్చన, కింద చల్లటి బురద. అడుగు వేస్తే నల్ల నీళ్ళు పైకి వచ్చి, ఆకులు కిందికి పోయేవి. తొక్కకముందు బాతుల వదినకు గంపెడు ఇచ్చాను. ఆయన మాట ఉంది కదా. ఆమె గంప పట్టుకుని ఏడ్చుకుంటూ పోయింది, వెనకాల బాతులు.

ఆ పంటకు వరి బాగానే పండింది. ఎంత అని అడగొద్దు. ఆయన లేకుండా కొలిచాను. మొదటి కుంచం పోస్తూ ‘లాభం’ అనాలి. నా నోటికి రాలేదు. పక్కన సంచి పట్టినవాడు అన్నాడు.

తర్వాత కొన్ని పంటలు తీశాను. ఏటా గుంటలో గిద్దెడు నాచు దాచేదాన్ని, వానలు పడగానే మళ్ళీ మెట్లెక్కించేదాన్ని. గిద్ద అరసోల అయిన రోజు వెనక్కి తిరిగి చెప్పబోయి, ఎవరూ లేక ఆగిపోయేదాన్ని. కొన్నేళ్ళకు ఆసామి కొడుకులు ఆ భూమిలో పామాయిలు మొక్కలు పెట్టించారు. దమ్మపేట వైపు అంతా పెడుతున్నారు, మంచి పంట అన్నారు. నేను కూలికి మళ్ళాను. మిరపకోతలకు పోయి వచ్చేసరికి ఒక ఎండాకాలం ఇంటి వెనక గుంట ఎండిపోయి ఉంది. అడుగున గోధుమరంగు పొట్టు. నీళ్ళు పోసి చూశాను, వారం చూశాను. ఒక్క ఆకు బతికి ఉన్నా చాలు, మళ్ళీ మడి అయ్యేది. ఒక్కటి కూడా లేదు. ఏమీ లేనిది ఎన్ని మెట్లెక్కినా ఏమీ లేనిదే. మనుషులకైతే ఒక్కరు మిగిలినా అంతే. ఒక్కరు ఒక్కరుగానే ఉంటారు.

ఊళ్ళోవాళ్ళు అంటారు, ముసలితనంలో నీకు ఒంటరితనం రెట్టింపైంది అని. కాదు. రెట్టింపైతే ఏనాడో నన్ను ముంచేసేది. అది రోజుకు ఒక రోజు చొప్పున కలుస్తుంది, కూలి లెక్క. దుఃఖం మాత్రం మెట్లు దిగింది. మొదటి ఏడు కుంచెడు, తర్వాత అడ్డెడు, తర్వాత మానికెడు. ఈ పిల్లను అడిగితే, సగం సగం తగ్గడం కూడా అదే లెక్క పెద్దమ్మా, తిరగేసిన లెక్క, ఎన్నటికీ పూర్తిగా సున్నా కాదు అంది. అవును. గిద్ద దగ్గరికి వచ్చి ఆగింది. గిద్ద కంటే చిన్న గిన్నె మా అత్త ఇవ్వలేదు.

ఆయన ఉన్నప్పుడు పూటకు సోలెడు బియ్యం వండేదాన్ని. పోయిన మర్నాడు కూడా సోలెడే పోశాను, చెయ్యి అలవాటు. ఇప్పుడు అరసోల పోస్తాను. మిగులుతుంది.

ఇంక చాలు బిడ్డా. ఆ కాగితాలు మొదటి నుంచి ఒకసారి చదువు. అంతా వద్దులే. మొట్టమొదట దవాఖానాలో ఆయన నన్ను అడిగింది ఉంది కదా, అది చదువు. గట్టిగా చదువు, నాకు సరిగ్గా వినపడదు. ఆయన మాట నువ్వు చదివి ఆగు. నా మాట చదవకు. జవాబు నేను చెబుతాను.